మెట్ట పొలిమేరలో మద్యం లైసెన్సు

2024 అక్టోబరు 14న ఆంధ్రప్రదేశ్ అంతటా మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు పడ్డాయి. దరఖాస్తు రుసుము 2 లక్షలు, షాపు రాకపోతే ఆ సొమ్ము తిరిగి ఇవ్వరు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు సుమారు 1,800 కోట్లు చేరాయి. ఎన్టీఆర్ జిల్లాలో జనం ఎగబడ్డది బెజవాడ నడిబొడ్డు దుకాణాలకు కాదు. జగ్గయ్యపేట పక్కన, తెలంగాణ పొలిమేరనున్న వత్సవాయి మండలంలో ఒకే షాపుకు వందకు పైగా దరఖాస్తులు వచ్చాయి. హద్దు మీది కొట్టుకు రెండు రాష్ట్రాల గిరాకీ ఉంటుందని పెట్టుబడిదారులకు తెలుసు. ఈ మెట్ట ప్రాంతంలో ఆ సంగతి చాలా పాతది.

మద్రాసు ప్రభుత్వం 1886లో అబ్కారీ చట్టం తెచ్చింది. కల్లు గీసే చెట్టుకు పన్ను, సారా కొట్టుకు పాట. ఎక్కువ పాడినవాడికి ఆ ఏడాది అమ్ముకునే హక్కు. తాగుడును అదుపు చేస్తున్నామని దొరలు చెప్పుకున్నా, ప్రభుత్వం కళ్లు ఎప్పుడూ రాబడి మీదే. లైసెన్సు పుట్టుక అదే. తన చెట్టు కల్లును తన ఊళ్లో అమ్ముకునే గౌడ కులస్థుడు ఆ రోజు నుంచీ పాటదారుడి చేతి కిందికి వచ్చాడు.

1937లో రాజాజీ సేలం జిల్లాలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పరుచుకుంది. కృష్ణా జిల్లాలో కల్లు, సారా, విదేశీ మద్యం అన్నీ బందు. జగ్గయ్యపేట దాటి కోదాడ వైపు నడిస్తే మాత్రం హైదరాబాదు రాజ్యం. అక్కడ అబ్కారీయే పెద్ద ఆదాయం, నిషేధం మాటే లేదు. చిక్కు అంతటితో ఆగలేదు. నందిగామ తాలూకాలో ఉన్న మునగాల పరగణా చుట్టూ నిజాం భూమి. అటు కంచికచర్ల దగ్గర పరిటాల చుట్టుపక్కల ఊళ్లు కృష్ణా జిల్లా నడుమ నిజాం ఏలుబడిలో ఉండేవి. మద్రాసు చట్టం ఒక ఊరిదాకా వచ్చి ఆగిపోయేది, పక్క ఊళ్లో ఇంకో చట్టం మొదలయ్యేది. పొలం గట్టు మీద నిషేధాన్ని కాపలా కాయడం ఎంత కష్టమో ఈ నేలకు తెలిసినట్టు మరో నేలకు తెలియదు.

పరిటాల తర్వాత కృష్ణాలో కలిసింది, మునగాల 1959లో నల్గొండకు వెళ్లింది. మద్యం తగువు మాత్రం తెగలేదు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక ప్రకాశం ప్రభుత్వం నిషేధం పనితీరు చూడమని ఎస్.వి. రామమూర్తి సంఘాన్ని వేసింది. ఎత్తేయడమే మేలని సంఘం చెప్పింది. ఆ వివాదం మీదే 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం నెగ్గి ప్రభుత్వం పడిపోయింది. 1956లో ఆంధ్ర, తెలంగాణ ఒక్కటయ్యాక వింత పరిస్థితి వచ్చింది. ముఖ్యమంత్రి ఒకరే, శాసనసభ ఒకటే. జగ్గయ్యపేటలో తాగితే నేరం, కోదాడలో తాగితే సర్కారుకు ఆదాయం. పన్నెండేళ్లకు గానీ ఈ తేడా పోలేదు. 1968 ఎక్సైజు చట్టం రెండు ప్రాంతాలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చింది, ఆంధ్రలో సారా పాటలు మళ్లీ మొదలయ్యాయి. నేటి లైసెన్సు నియమాలన్నీ ఆ చట్టం కొమ్మలే.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. దూబగుంట ఆడవాళ్ల పోరాటంతో 1993లో సారా పోయింది, 1995 జనవరిలో పూర్తి నిషేధం వచ్చింది, 1997లో సడలింది. 2012లో వేలం పాట పోయి, జనాభాను బట్టి ఫీజు కట్టి లాటరీలో షాపు పొందే పద్ధతి వచ్చింది.

2014 విభజనతో గరికపాడు దగ్గర మళ్లీ సరిహద్దు లేచింది. 2019 అక్టోబరు నుంచి ఆంధ్రలో దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది. అంతే, తెలంగాణ సీసా బైకుల మీద, లారీల్లో జగ్గయ్యపేట మీదుగా ప్రవహించింది. ఒక మనిషి మూడు సీసాలు తెచ్చుకోవచ్చని 2020 సెప్టెంబరులో హైకోర్టు అంటే, అక్టోబరులో ప్రభుత్వం పర్మిట్ ఉండాల్సిందేనని నిబంధన మార్చింది. పట్టుబడిన వేల సీసాలను నందిగామలో పోలీసులు రోలరు కింద తొక్కించారు. పట్టుబడ్డవాళ్లలో ఎక్కువమంది కూలీలు, కుర్రాళ్లు. ధరను రెట్టింపుకు దగ్గర చేసి గట్టు మీద కాపలా పెడితే చివరికి కేసుల్లో ఇరుక్కునేది వాళ్లే. 1948 పాఠం ఎవరికీ గుర్తు లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇప్పుడు చిన్నవాడి సంగతి. దుకాణాలను మళ్లీ లాటరీకి వదిలిన 2024 విధానంలో 10 వేల లోపు జనాభా ఉన్నచోట షాపు ఫీజే ఏడాదికి 50 లక్షలుగా పెట్టారు. అంత డబ్బు ఊళ్లో చిన్న వ్యాపారి ఎక్కడ తెస్తాడు? గీత కులాలకు 10 శాతం, అంటే 340 దుకాణాలు సగం ఫీజుకే కేటాయించడం న్యాయమైన పని. పాటదారుడు లాక్కున్న హక్కులో కొంతైనా వెనక్కి వచ్చింది. లైసెన్సు దొరకనిచోట బెల్టు షాపు పుడుతుంది. 2014 జూన్‌లో ప్రమాణం చేసిన రోజే ముఖ్యమంత్రి వాటి రద్దు ఫైలు మీద సంతకం పెట్టారు, అయినా 2024లో మళ్లీ 5 లక్షల జరిమానా ప్రకటించాల్సి వచ్చింది.

హైవే మీద దాబా నడిపేవారికి ఇంకో చిక్కు. జాతీయ రహదారికి 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 20 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకు తర్వాత దాన్ని 220 మీటర్లకు తగ్గించి, 2017 జులైలో పట్టణ పరిధులను మినహాయించింది. బళ్లకు, గుళ్లకు, ఆసుపత్రులకు దూరం పాటించాలన్న నియమం వేరే ఉంది. తిరునాళ్లకు లక్షల జనం వచ్చే పెనుగంచిప్రోలు లాంటి ఊళ్లో ఆ దూరం కాగితం మీద గీత కాదు, తిరుపతమ్మ దర్శనానికి వచ్చే ఆడవాళ్ల ప్రశాంతత.

పెళ్లికో రిసెప్షనుకో ఫంక్షన్ హాల్లో మందు పోయాలంటే ఆ ఒక్క రోజుకు ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి, సరుకు లైసెన్సు ఉన్న షాపు నుంచే కొనాలి. మన పెళ్లిళ్లలో ఈ మాట ఎందరికి తెలుసు? హాలు యజమాని చెప్పడు, అడ్వాన్సు కాగితంలో ఉండదు. తీరా తనిఖీ వస్తే పిల్ల తండ్రి స్టేషనులో కూర్చుంటాడు. షాపుల లాటరీకి ఊరూరా ప్రచారం చేసిన ఎక్సైజు శాఖ ఈవెంట్ పర్మిట్ రుసుమును, దరఖాస్తు పద్ధతిని తేట తెలుగులో ప్రతి ఫంక్షన్ హాలు గోడ మీద రాయించాలి. అది రాసేదాకా, హాలు మాట్లాడుకునే రోజే దగ్గర్లోని ఎక్సైజు స్టేషనుకు వెళ్లి పర్మిట్ సంగతి అడగండి.