ఛాతీకి సరిపడా వెలుగు

రాజాం, పాలకొండ రోడ్డు. బయట ముసురు. మీ వెనక తలుపు మూసుకోగానే బస్సుల హారన్లు సగానికి సగం తగ్గిపోతాయి. లోపల సీసం రేకు ఉంది, అందుకే తలుపుకంత బరువు.

నాలుగేళ్ల గుంటడు తల్లి భుజం వదలడం లేదు. జ్వరం, దగ్గు. కుడివైపు కింద ఊపిరి సరిగ్గా వినబడక డాక్టరుగారు ఎక్స్‌రేకి పంపారు. పిల్లలకు తొలి రక్షణ ఇక్కడే ఉంది: కారణం లేకుండా ఫొటో తీయకపోవడం.

"బావూ, గుంటడికి ఏటీ అవ్వదు కదా?"

"భయం లేదమ్మా. మీరు కడుపుతో ఉన్నారా?" అంటాడు టెక్నీషియన్.

ఆమె అత్తకేసి చూసి, "మూడో నెల" అంటుంది.

"అయితే మీరు బయట కూర్చోండి. మామ్మా, నువ్వు రా."

గర్భంతో ఉండగా ఎక్స్‌రే తీయించుకున్న తల్లుల పిల్లల్లో కాన్సర్ మరణాలు ఎక్కువని ఆక్స్‌ఫర్డ్ వైద్యురాలు ఆలిస్ స్టీవర్ట్ 1956లో చెబితే చాలామంది నమ్మలేదు. ఆ తల్లుల్నే అడిగి ఆమె ఆ సంగతి తేల్చింది. ఈ గదిలో ఆ ప్రశ్న వినబడిన ప్రతిసారీ ఆమెకు దండం పెట్టాలనిపిస్తుంది.

సీసపు యాప్రాన్ బరువుకి మామ్మ భుజాలు వంగుతాయి. పిల్లాడి మెడలో తాయెత్తు తీయమంటే తటపటాయిస్తుంది. దాని నీడ ఊపిరితిత్తి మీద పడితే మళ్లీ తీయాల్సి వస్తుంది, అంటే కిరణాలు రెండింతలు. "బల్ల మీదే ఉంటాది మామ్మా, నేను చూస్తాను."

ఇప్పుడు యంత్రం కింద దీపం వెలుగుతుంది. పిల్లాడి ఒంటి మీద గెడ్డం నుంచి తొడల దాకా వెలుగు చదరం. టెక్నీషియన్ రెండు మరలు తిప్పుతాడు. చదరం ముడుచుకుంటుంది. ముందు తొడలు, తర్వాత పొట్ట, ఆపైన గొంతు చీకట్లోకి పోతాయి. ఛాతీ మాత్రం మిగులుతుంది. ఆ వెలుగు పడని చోట నేరుగా కిరణం పడదు.

"గుంటడికి కప్పవేటి?" మామ్మ అడుగుతుంది. ఒకప్పుడు పిల్లల పొత్తికడుపు మీద సీసపు ముక్క పరిచేవారు. అది అవసరమైన భాగాన్ని కప్పేసి మళ్లీ ఫొటో తీయిస్తోందని, ఆ అలవాటు మానమని 2019లో అమెరికా వైద్య భౌతికశాస్త్రవేత్తల సంఘం చెప్పింది. ముడిచిన చదరమే వీడికి కాపు.

టెక్నీషియన్ యంత్రంలో పెద్దవాళ్లకు పెట్టే కిరణాల అంకెలు తగ్గించి, చెదిరిన కిరణాల్ని ఆపే గ్రిడ్ సన్నటి ఒంటికి అక్కర్లేదు కనక తీసేస్తాడు. ఈ ఫొటోతో అందేది సుమారు 0.02 మిల్లీసీవర్టులు. నేల, గాలి, ఆకాశం మనకు మూడు నాలుగు రోజుల్లో ఇచ్చేంత. తల సీటీ స్కాన్ అయితే దాదాపు వంద రెట్లు. కణాలు చకచకా విభజన చెందే వయసు, ముందు నిండు జీవితం. అందుకే ఆ కొంచెంలోనూ పొదుపు.

సీసపు గాజు వెనక నిలబడండి. పిల్లాడు ఏడుస్తున్నాడు. టెక్నీషియన్ వాడి పొట్టనే చూస్తున్నాడు. ఏడుపు మధ్య పెద్ద ఊపిరి లాగగానే మీట నొక్కుతాడు.

తెర మీద కుడివైపు కింద తెల్లటి మచ్చ. బొమ్మ కదల్లేదు, రెండోది అక్కర్లేదు. మందు ఈ సాయంత్రమే మొదలవుతుంది.