చేపలను గూర్చిన హెచ్చరిక: మినమాత నేర్పిన పాఠము

ఒక ఆహారము తినుటవలన ప్రజలు జబ్బుపడుచున్నారని తెలిసినప్పుడు, అందలి విషము పేరు తెలియువరకు ఆగవలెనా, లేక ఆ ఆహారమును వెంటనే మాన్పింపవలెనా? జపాను దేశములోని మినమాత పట్టణమున ఈ ప్రశ్న 1956 లో ఎదురయ్యెను. అచ్చట ఎందరో ప్రాణములను, ఆరోగ్యమును పోగొట్టుకొనిన తరువాతగాని దీనికి సమాధానము దొరకలేదు.

మినమాత, క్యూషూ ద్వీపపు పశ్చిమతీరమున నున్న చిన్న పట్టణము. చుట్టుపట్ల పల్లెలలోని బెస్తలకు అఖాతములోని చేపలే జీవనాధారము. 1908 లో అచ్చట స్థాపింపబడిన చిస్సో కంపెనీ రసాయనిక కర్మాగారము 1932 నుండి ఎసిటాల్డిహైడ్ తయారుచేయసాగెను. ఎసిటిలీన్ వాయువు నీటితో కలిసి ఎసిటాల్డిహైడ్‌గా మారుటకు పాదరస లవణము ఉత్ప్రేరకముగా వాడబడెను. ఉత్ప్రేరకము చర్యను వేగపరచును గాని తాను ఖర్చుకాదని విద్యార్థులు చదువుకొనియుందురు. కాని కర్మాగారములో ఆ పాదరసములో కొంత మిథైల్ పాదరసముగా మారి, మురుగునీటితోపాటు అఖాతములో చేరుచుండెను.

1950 తరువాతి సంవత్సరములలో ఆ పల్లెలలోని పిల్లులు తూలుచు, గిరగిర తిరుగుచు, మూర్ఛలు వచ్చి చచ్చుచుండెను. 1956 ఏప్రిల్ 21 న అయిదేండ్ల బాలిక యొకతె నడువలేక, మాటలాడలేక కర్మాగారపు ఆసుపత్రికి తేబడెను. కొద్ది దినములకే ఆమె చెల్లెలికిని అదే స్థితి కలిగెను. ఆసుపత్రి అధికారి డాక్టరు హొసొకవా హజిమె, కారణము తెలియని నాడీమండల వ్యాధి ప్రబలుచున్నదని మే 1 న స్థానిక ఆరోగ్యకేంద్రమునకు తెలిపెను.

మొదట నిది అంటువ్యాధియని భయపడి రోగుల యిండ్లలో క్రిమిసంహారకములు చల్లిరి. ఇరుగుపొరుగువారు వారిని దూరముగ నుంచిరి. కాని వ్యాధి బెస్త కుటుంబములలోనే ఎక్కువగ నుండెను. వారు తినగా మిగిలిన చేపలు తిను పిల్లులకును అది వచ్చుచుండెను. కుమమోతో విశ్వవిద్యాలయ పరిశోధకులు 1956 నవంబరు నాటికే, ఇది అంటువ్యాధి కాదనియు, అఖాతపు చేపల ద్వారా ఏదో యొక భారలోహము శరీరములో చేరుచున్నదనియు తేల్చిరి. 1957 లో వేరొక చోటినుండి తెచ్చిన పిల్లులకు ఆ చేపలు పెట్టగా వానికిని అదే వ్యాధి కలిగెను.

విషము పేరు ఇంకను తెలియదు గాని, అది వచ్చు మార్గము తెలిసినది. ఆహార పరిశుభ్రతా చట్టము ననుసరించి ఆ చేపలను నిషేధింపవచ్చునా యని స్థానిక ప్రభుత్వము అడిగెను. అఖాతములోని చేపలన్నియు విషపూరితములని స్పష్టమైన ఆధారము లేదు గనుక చట్టము వర్తింపదని 1957 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ బదులిచ్చెను. ఒక బస్తా బియ్యములో కొన్ని గింజలకే విషమంటినదని తెలిసిన యెడల, మిగిలిన గింజలను పరీక్షించువరకు ఏ తల్లియైన అన్నము వండునా? అధికారులు చేపలు తినవద్దని సలహా మాత్రమిచ్చిరి. వేరు జీవనాధారము చూపని సలహా పేదవాని కడుపు నింపదు. బెస్తలలో అనేకులు ఆ చేపలనే తినుచుండిరి.

ఈలోగా మాంగనీసు, సెలీనియము, థాలియము ఒకదాని తరువాత నొకటి అనుమానింపబడెను. ఇంగ్లండులో మిథైల్ పాదరసముతో పనిచేసిన కార్మికుల వ్యాధిని గూర్చి 1940 లో ప్రకటింపబడిన నివేదికలోని లక్షణములు మినమాత రోగుల లక్షణములతో సరిపోయెను. 1959 జూలైలో విశ్వవిద్యాలయము సేంద్రియ పాదరసమే కారణమని ప్రకటించెను. కంపెనీ దీనిని ఒప్పుకొనలేదు. ఆ యేడాదియే డాక్టరు హొసొకవా కర్మాగారపు మురుగునీటిని ఆహారములో కలిపి ఒక పిల్లికి పెట్టగా దానికి వ్యాధి వచ్చెను. ఆ ఫలితమును కంపెనీ బయటపెట్టలేదు. 1970 లో ఆయన రోగశయ్యపై నుండి న్యాయస్థానమునకు ఆ సంగతి తెలిపెను.

1965 లో నీగాత ప్రాంతమున, మరియొక కంపెనీ కర్మాగారమువలన, ఇదే వ్యాధి కనిపించెను. చిస్సో కంపెనీ 1968 మేలో ఎసిటాల్డిహైడ్ తయారీ నిలిపెను. కర్మాగారపు మిథైల్ పాదరసమే కారణమని ప్రభుత్వము సెప్టెంబరు 26 న అంగీకరించెను. మార్గము తెలిసిన నాటికిని ఈ నాటికిని మధ్య దాదాపు 12 సంవత్సరములు గడచెను. మినమాత ప్రాంతములో 2,000 కంటె ఎక్కువమంది రోగులుగా ప్రభుత్వముచే గుర్తింపబడిరి.

అఖాతపు నీటిలో స్వల్పముగ నున్న విషము చేపలో ఎట్లు పెరిగెను? సూక్ష్మమైన ప్లవకములు దానిని గ్రహించును. వానిని చిన్న జీవులు, ఆ జీవులను చిన్న చేపలు, వానిని పెద్ద చేపలు తినును. మిథైల్ పాదరసము శరీరమునుండి మెల్లగా మాత్రమే వెడలును గనుక మెట్టుమెట్టునకు దాని పాలు హెచ్చును. అది కండలోని ప్రోటీనులను అంటుకొనియుండును గనుక వండినను, తోలు తీసినను పోదు. అది మావిని కూడ దాటి గర్భస్థశిశువు మెదడును చేరును. మినమాతలో పుట్టుకతోనే వ్యాధి సోకిన శిశువులున్నారని 1962 లో అంగీకరింపబడెను. వారి తల్లులలో పెక్కుమందికి వ్యాధి లక్షణములు స్వల్పముగనే యుండెను.

విషపు బురద తొలగించి, కొంత భాగమును పూడ్చిన పిమ్మట, 1997 లో అఖాతపు చేపలు సురక్షితములని ప్రకటింపబడెను. పాదరసపు వాడకమును అదుపుచేయుటకు 2013 లో అంగీకరింపబడిన అంతర్జాతీయ ఒడంబడికకు మినమాత పేరే పెట్టిరి. భారతదేశము 2018 లో దానిని ధ్రువీకరించెను. చేపలు మంచి ఆహారమే గనుక వానిని పూర్తిగ మానుమని నేటి శాస్త్రజ్ఞులు చెప్పరు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, చిన్నపిల్లలు సొరచేపవంటి పెద్ద వేటచేపలను మాని, పాదరసము తక్కువగ నుండు చిన్నచేపలను తినుట మేలని చెప్పుదురు.

వ్యాధికి కారణమేది, అది ఏ మార్గమున వచ్చుచున్నది అనునవి రెండు వేరు ప్రశ్నలు. మొదటిదానికి సమాధానము దొరకుటకు ఏండ్లు పట్టవచ్చును. రెండవదానికి సమాధానము దొరకిన నాడే హెచ్చరిక చేయవలెను. ఆ ఆహారమును మానవలసినవారికి మరొక ఆహారమును చూపవలెను.