కన్వేయన్సింగ్ సొలిసిటర్

ఇంగ్లాండు, వేల్సులలో ఇల్లు కొనేవారి లేదా అమ్మేవారి తరఫున యాజమాన్య బదిలీకి సంబంధించిన న్యాయపరమైన పనులను నిర్వహించే న్యాయవాదిని కన్వేయన్సింగ్ సొలిసిటర్ అంటారు. సాధారణంగా ఇరుపక్షాలకు వేర్వేరు సొలిసిటర్లు ఉంటారు.

విధులు

అమ్మకందారు సొలిసిటర్ ఒప్పందపు ముసాయిదాను, హక్కు పత్రాలను పంపుతారు. కొనుగోలుదారు సొలిసిటర్ వాటిని పరిశీలించి, ఆస్తిపై గల తాకట్లు, దారి హక్కులు, స్థానిక సంస్థ విధించిన ఆంక్షలు మొదలైనవి విచారిస్తారు.

ఒప్పందాల మార్పిడి

ధర కుదిరినంత మాత్రాన బేరం ఖాయం కాదు. సంతకాలు చేసిన ఒప్పంద ప్రతులను మార్చుకున్న తరువాతే ఇరుపక్షాలు చట్టరీత్యా కట్టుబడతాయి. అప్పుడు కొనుగోలుదారు సాధారణంగా ధరలో 10% బయానాగా చెల్లిస్తారు. ఆ పిదప వెనుదిరిగితే దానిని కోల్పోయే ప్రమాదమున్నది. కనుక సందేహాలన్నింటినీ అంతకు ముందే సొలిసిటర్ ద్వారా నివృత్తి చేసుకొనవలెను.

నమోదు

మిగిలిన సొమ్ము చెల్లించిన తరువాత, 1862లో ఏర్పడిన ల్యాండ్ రిజిస్ట్రీలో కొత్త యజమాని పేరును కొనుగోలుదారు సొలిసిటర్ నమోదు చేయిస్తారు.