పల్నాడు సీమలో కొండదారులు, సంధ్యావిహారాలు – బృంద యాత్రికులకు సమగ్ర పరిచయం

(ప్రత్యేక వ్యాసం)

పల్నాడు పేరు వినగానే తెలుగువారి మనసులో మెదిలేది వీరగాథ. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు నడచిన ఈ నేల చారిత్రక ప్రసిద్ధితో పాటు ప్రకృతి వైవిధ్యానికీ ఆలవాలం. ఉత్తరాన కృష్ణానది, పడమట నల్లమల అడవులు, మధ్యలో సున్నపురాతి పీఠభూములు, అక్కడక్కడ ఒంటరిగా లేచిన కొండలు ఈ సీమకు ప్రత్యేకమైన రూపాన్ని సంతరించాయి. కుటుంబాలు, విద్యార్థులు, ఉద్యోగ బృందాలు ఒక పూట కాలినడకన తిరిగి రావడానికి అనువైన దారులు ఇక్కడ అనేకం ఉన్నాయి. అయితే వాటిలో కొన్ని అందరికీ తెరచి ఉన్నవి, కొన్ని అనుమతితో మాత్రమే ప్రవేశించదగినవి, మరికొన్ని కాలాన్నిబట్టి ప్రమాదకరమైనవి. ఈ తారతమ్యాన్ని గుర్తించడం యాత్రికులకు, వారికి సమాచారం అందించే పాత్రికేయులకు, అనుమతులిచ్చే అధికారులకు సమానంగా అవసరం.

పరిపాలనా స్వరూపం

పూర్వపు గుంటూరు జిల్లాలో అంతర్భాగంగా ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లాగా ఏర్పడింది. నరసరావుపేట, గురజాల, సత్తెనపల్లి రెవెన్యూ డివిజన్లు దీనిలో చేరాయి. అంతకుముందు వెలువడిన గ్రంథాలలోను, మార్గదర్శక పత్రాలలోను ఎత్తిపోతల, కోటప్పకొండ, కొండవీడు గుంటూరు జిల్లాలోనివిగా కనిపిస్తాయి. పాత సమాచారాన్ని ఉటంకించేవారు ఈ మార్పును గమనించవలసి ఉంటుంది. ప్రమాద సమయాన పొరుగు జిల్లా కార్యాలయానికి ఫోను చేసి విలువైన కాలాన్ని కోల్పోకుండా ఉండటానికి సైతం ఇది ఉపకరిస్తుంది.

కోటప్పకొండ

నరసరావుపేటకు సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న కోటప్పకొండ బృంద విహారానికి మొదట పేర్కొనదగిన స్థలం. ఏ దిక్కు నుంచి చూచినా మూడు శిఖరాలు కనిపిస్తాయి కనుక దీనికి త్రికూటమని పేరు వచ్చింది. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలుగా వాటిని వ్యవహరిస్తారు. త్రికోటేశ్వరస్వామి ఆలయం బ్రహ్మశిఖరంపై ఉండగా, రుద్రశిఖరంపై పాత కోటప్పగుడి ఉన్నది. ఆనందవల్లి అనే గొల్లభామ భక్తికి మెచ్చిన శివుడు రుద్రశిఖరం నుంచి ఆమె వెంట దిగివస్తూ, ఆమె వెనుదిరిగి చూడగానే బ్రహ్మశిఖరంపై నిలిచిపోయాడని స్థలపురాణం చెబుతుంది.

కొండపైకి మెట్లదారి, ఘాట్ రోడ్డు రెండూ ఉన్నాయి. నడవగలిగినవారు మెట్లదారిన ఎక్కి, వృద్ధులు, చిన్నపిల్లలు వాహనంలో పైకి చేరి, అందరూ ఆలయం వద్ద కలుసుకునే ఏర్పాటు బృందాలకు సౌకర్యంగా ఉంటుంది. మహాశివరాత్రి తిరునాళ్లకు చుట్టుపక్కల గ్రామాల నుంచి ఎత్తైన విద్యుద్దీపాల ప్రభలు తరలివస్తాయి. ఆ రోజులలో లక్షలాదిగా జనం చేరుతారు కనుక విహారం కోసం వచ్చేవారు వేరొక తేదీని ఎంచుకోవడం ఉచితం.

కొండవీడు, వినుకొండ

గుంటూరు – నరసరావుపేట మార్గంలోని ఫిరంగిపురానికి సమీపాన కొండవీటి గిరిదుర్గం ఉన్నది. 1325 ప్రాంతంలో అద్దంకి రాజధానిగా ఆరంభమైన రెడ్డి రాజ్యం అనంతర కాలంలో కొండవీటిని రాజధానిగా చేసుకున్నది. పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారిగా ఉన్న శ్రీనాథ కవిసార్వభౌముడు ఈ కొండనీడన నివసించాడు. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ఈ దుర్గాన్ని జయించాడు. కొండపై చెరువులు, బురుజులు, శిథిల మండపాలు నేటికీ చూపరులను ఆకర్షిస్తున్నాయి. ఘాట్ రోడ్డు చివర నుంచి చెరువుగట్ల మీదుగా బురుజుల వరకు సాగే నడక ఒక సాయంత్రానికి సరిపోతుంది. శిథిల కట్టడాలపైకి ఎక్కడం, గోడలపై పేర్లు చెక్కడం తగదు.

వినుకొండ పట్టణానికి ఆనుకొని ఉన్న కొండపై రామలింగేశ్వరస్వామి ఆలయం ఉన్నది. సీతాపహరణ వార్తను శ్రీరాముడు విన్న చోటు కనుక వినుకొండ అయినదని స్థానికుల విశ్వాసం. తొలి ఏకాదశి నాడు జనం తండోపతండాలుగా ఈ కొండనెక్కుతారు. పట్టణం పాదపీఠంగా ఉన్నందున వైద్యసహాయం, వసతి, రవాణా దగ్గరలో లభించడం ఈ దారికున్న అనుకూలత.

మాచర్ల – ఎత్తిపోతల – అనుపు

గుంటూరు నుంచి నడికూడి మీదుగా వచ్చే రైలుమార్గం మాచర్లకు చేరుతుంది. చంద్రవంక తీరాన వెలసిన చెన్నకేశవస్వామి ఆలయం ఈ పట్టణానికి అలంకారం. మాచర్ల నుంచి నాగార్జునసాగర్‌కు పోయే దారిలో ఎత్తిపోతల జలపాతం కలదు. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకి, ఆపై కొద్ది దూరంలోనే కృష్ణలో లీనమవుతాయి. యతుల తపస్సుకు నెలవైన ‘యతి తపోతలం’ ఎత్తిపోతలగా మారిందని ఒక కథనం. వర్షాకాలం మధ్య నుంచి శీతాకాలారంభం వరకు జలధార నిండుగా ఉంటుంది.

వీక్షణ స్థలం నుంచి చూచే సంధ్యాకాంతిలో ఈ జలపాతం అత్యంత మనోహరం. కానీ జలపాతం కింది మడుగులో మొసళ్లు ఉన్నాయి. నీటిలో దిగడం, తడి బండలపై నిలిచి ఛాయాచిత్రాలు తీసుకోవడం ప్రాణాంతకం. పైన వాన కురిసినప్పుడు, దిగువన ఆకాశం నిర్మలంగా ఉన్నా వాగు హఠాత్తుగా పొంగవచ్చు.

విజయపురి సౌత్‌కు సమీపంలోని అనుపు, చరిత్రాభిమానులైన బృందాలకు అనువైన సాయంకాల విహారస్థలం. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు నాగార్జునకొండ లోయలో 1926లో వెలుగుచూశాయి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరగగా, లోయ మునిగిపోనున్నందున 1954 నుంచి 1960 వరకు విస్తృతమైన తవ్వకాలు సాగాయి. ముఖ్యమైన కట్టడాలను ఊడదీసి కొన్నింటిని కొండపైన, కొన్నింటిని అనుపులో తిరిగి నిలిపారు. అనుపులోని మెట్ల రంగస్థలం, విహార శిథిలాలు ఆ కృషికి సాక్ష్యాలు. కొండపైనున్న పురావస్తు ప్రదర్శనశాల శుక్రవారం మూసి ఉంటుంది. లాంచీల రాకపోకలు నీటిమట్టం, వాతావరణం, భద్రతా అనుమతులపై ఆధారపడతాయి. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన ఘోర పడవ ప్రమాదాన్ని గుర్తుంచుకొని, లైఫ్ జాకెట్ లేనిదే ఏ ఒక్కరూ లాంచీ ఎక్కరాదు.

కారంపూడి, గుత్తికొండ

గురజాల సీమలో కారంపూడి నాగులేటి తీరం పల్నాటి యుద్ధానికి రణరంగం. ఇక్కడి వీరుల గుడి వద్ద ఏటా కార్తిక అమావాస్య మొదలు అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో వీరారాధనోత్సవాలు జరుగుతాయి. ఇతర దినాలలో గ్రామవీధుల మీదుగా వీరుల గుడి, అంకాలమ్మ గుడి, ఏటిగట్టు చూచి రావడం శ్రమలేని సాయంకాలపు నడక. వీరుల ఆయుధాలను ఆచారవంతులు పవిత్రంగా పూజిస్తారు కనుక అనుమతి లేక తాకరాదు.

పిడుగురాళ్ల సమీపాన ఉన్న గుత్తికొండ బిలం సున్నపురాతి గుహ. ముచుకుందుని నిద్రాస్థలంగా దీనికి పౌరాణిక ప్రశస్తి ఉన్నది. వాననీరు వేల ఏండ్లుగా సున్నపురాతిని కరిగించినందున ఇట్టి గుహలు ఏర్పడతాయి. లోపల శాఖలు అనేకం. లోతుకు పోయే కొద్దీ చీకటి, గాలి కొరత, జారుడు నేల ఎదురవుతాయి. దర్శనానికి నిర్దేశించిన భాగాన్ని దాటి వెళ్లరాదు.

ఎండ తీవ్రత – వేళల ఎంపిక

ఈ జిల్లాలోని రెంటచింతల రాష్ట్రంలో అత్యధిక ఉష్ణోగ్రతలు నమోదయ్యే కేంద్రాలలో ఒకటి. సముద్రానికి దూరంగా ఉండటం, పగలంతా కాగే రాతినేల ఇందుకు దోహదం చేస్తున్నాయి. వేసవిలో సూర్యుడు అస్తమించిన తరువాతనూ బండలు చాలాసేపు సెగలు కక్కుతూనే ఉంటాయి. కావున ఏప్రిల్, మే నెలలలో సాయంకాలం కంటె తెల్లవారుజాము నడకే క్షేమకరం. సంధ్యావిహారాలకు నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూల కాలం. అయితే ఆ రోజులలో పొద్దు త్వరగా వాలుతుంది. డిసెంబరు ఆరంభంలో అయిదున్నర దాటగానే సూర్యాస్తమయమవుతుంది.

దారికి పట్టే కాలాన్ని అంచనా వేయడానికి 1892లో స్కాట్లండుకు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన సూత్రం నేటికీ ఆచరణీయం. దాని ప్రకారం ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు మరొక గంట కలపాలి. ఉదాహరణకు 4 కిలోమీటర్ల దూరం, 200 మీటర్ల ఎక్కుడు గల దారికి 48 నిమిషాలు, 20 నిమిషాలు వెరసి 68 నిమిషాలు. పిల్లలు, పెద్దలు కలిసిన బృందం దీనికి సగం అదనంగా చేర్చుకుంటే సుమారు 1 గంట 42 నిమిషాలు అవుతుంది. సూర్యాస్తమయం నుంచి వెనుకకు లెక్కించి, తిరుగుముఖం పట్టవలసిన సమయాన్ని బయలుదేరక ముందే నిర్ణయించాలి. శిఖరం చేరకపోయినా ఆ వేళకు వెనుదిరగడమే వివేకం.

అటవీ నిబంధనలు

మాచర్ల, వెల్దుర్తి ప్రాంతాలకు ఆనుకొని ఉన్న అడవులలో కొంత భాగం నాగార్జునసాగర్ – శ్రీశైలం పులుల అభయారణ్యానికి చెందినది. 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటితమైన ఈ అడవి 1983లో పులుల సంరక్షణ పథకం కిందకు వచ్చింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేక అభయారణ్యంలో ప్రవేశించడం, నిప్పు రాజేయడం, ఆయుధాలు తీసుకుపోవడం నేరం. పశువుల కాపరులు నడిచే బాట కనిపించినంత మాత్రాన అది విహారమార్గం కాజాలదు. అటవీశాఖ రేంజి కార్యాలయంలో ముందుగా విచారించి, వారు సూచించిన దారిలోనే నడవాలి. చట్టం యాత్రికుల ప్రాణాలను, పులి ఆవాసాన్ని ఏకకాలంలో కాపాడుతున్నది.

కేంద్ర పురావస్తు శాఖ సంరక్షణలోని కట్టడాలను ధ్వంసం చేసినవారికి 1958 నాటి చట్టం, దాని 2010 సవరణ ప్రకారం రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

బృంద నాయకులు పాటించవలసినవి

– బయలుదేరేటప్పుడు, విరామ స్థలాలలో, తిరిగి వచ్చేటప్పుడు తలలెక్క తప్పనిసరి. ముందొకరు, వెనుకొకరు బాధ్యులుగా నడవాలి.
– మనిషికి కనీసం రెండు లీటర్ల మంచినీరు, ప్రతి ఇద్దరికీ ఒక టార్చిలైటు, బృందానికి ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి.
– మాటల్లో తడబాటు, స్పృహ తప్పడం, ఒళ్లు విపరీతంగా కాలిపోవడం వడదెబ్బ లక్షణాలు. రోగిని నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడిపి, గాలి విసురుతూ 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివారికి నీరు తాగించరాదు.
– పాము కాటుకు కోయడం, బిగించి కట్టడం, నాటువైద్యం హానికరం. కాటుపడిన అవయవాన్ని కదలనీయక ఆసుపత్రికి తరలించాలి.
– పోలీసు, అగ్నిమాపక సహాయానికి 112. కొండల మధ్య ఫోను సంకేతాలు అందని చోట్లు ఉంటాయి కనుక వెళ్లే దారిని, తిరిగివచ్చే వేళను ఊరిలో ఒకరికి చెప్పి వెళ్లాలి.
– తీసుకుపోయిన ప్లాస్టిక్ సంచులు, సీసాలు వెంట తీసుకురావాలి.

పాత్రికేయులకు సూచన

విహారస్థలాలను గూర్చిన కథనాలలో అందాల వర్ణనతో పాటు అనుమతి అవసరమా, ఏ కాలంలో వెళ్లాలి, ఎక్కడ ఆగాలి, సమీప ఆసుపత్రి ఎక్కడ అనే నాలుగు వివరాలను చేర్చినచో అవి పాఠకులకు ఎంతో మేలు చేస్తాయి. లాంచీల వేళలు, ప్రవేశ రుసుములు, దారుల మూసివేత తరచు మారుతుంటాయి కనుక ప్రచురణకు ముందు సంబంధిత దేవాదాయ, అటవీ, పర్యాటక, పురావస్తు శాఖల స్థానిక కార్యాలయాలలో ధ్రువీకరించుకోవలెను.