కొన్నవాడు కౌలుదారు

వస్తువును కొన్నవాడే దాని యజమాని అనే న్యాయం స్మార్ట్‌ఫోను విషయంలో చెల్లదు. 2015లో నెదర్లాండ్సుకు చెందిన ఫెయిర్‌ఫోన్ సంస్థ, విడిభాగాలను కొన్నవారే మార్చుకోగల తన రెండవ ఫోనును విడుదల చేసింది. అయితే అందులోని చిప్పు క్వాల్‌కామ్ కంపెనీది. దానిని నడిపించే డ్రైవర్లలో అనేక భాగాల సోర్స్‌కోడు ఆ కంపెనీ రహస్యం. 2016లో ఆండ్రాయిడ్ 7 వచ్చినప్పుడు క్వాల్‌కామ్ ఆ చిప్పుకు మద్దతు ఇవ్వలేదు. చెక్కుచెదరని ఫోను ఆ విధంగా పాతబడింది.

ఫెయిర్‌ఫోన్ ఇంజనీర్లు పట్టు విడువక 2018లో ఆండ్రాయిడ్ 7ను, 2021లో ఆండ్రాయిడ్ 9ని అందించారు. 2023లో ఆ కృషీ ముగిసింది. శ్రమ పొడిగించిన ఆయుష్షుకు యాజమాన్యం విధించిన హద్దు ఇది. కనుక మద్దతు ఆపిన నాడే సోర్స్‌కోడును ప్రజలపరం చేయాలని మనం కోరవలసివున్నది.