గాజు గోడల బ్యాంకు

బ్యాంకు అనగానే దళసరి గోడలు, ఇనుప కటకటాలు, తుపాకి పట్టిన కాపలావాడు మన కన్నుల యెదుట నిలుచును. సొమ్మున్నచోట గోడ గట్టిగా నుండవలెనని మనమందరము నమ్ముదుము. పాశ్చాత్య దేశములందును చిరకాలము ఇదియే అభిప్రాయము. లండనులో సర్ జాన్ సోన్ నిర్మించిన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు వెలిగోడకు కిటికీలే లేవు. ఫిలడెల్ఫియాలో 1824లో పూర్తియైన బ్యాంకు భవనమును విలియం స్ట్రిక్లండ్ గ్రీకుల పార్థెనాన్ ఆలయమును పోలునట్లు కట్టెను.

కాని గోడ దొంగను ఆపును, దివాలాను ఆపగలదా? ఫిలడెల్ఫియాలోని ఆ రాతిస్తంభములు నేటికిని నిలిచియున్నవి. వాని వెనుకనున్న బ్యాంకు 1841లోనే కూలిపోయెను. 1906లో మద్రాసున ఆర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసినపుడు మన దక్షిణదేశమున ఎన్ని కుటుంబములు కూడబెట్టుకొన్న సొమ్మును కోల్పోయెనో! 1930-33 నడుమ అమెరికాలో సుమారు 9,000 బ్యాంకులు మూతపడెను. పిదప 1933లో అచటి ప్రభుత్వము డిపాజిట్లకు బీమా కల్పించెను. మన దేశమున ఆ ఏర్పాటు 1962లో వచ్చెను. ఈ విధముగా నమ్మకపు భారము రాతిగోడ మీదినుండి చట్టము మీదికి కొంత మారెను.

గోడకు ఆ భారము తగ్గిన కాలముననే, 1954లో, న్యూయార్కు నగరమందలి ఐదవ ఎవెన్యూలో, 43వ వీధి మూలమీద, మాన్యుఫాక్చరర్స్ ట్రస్ట్ కంపెనీ తన శాఖకు నూతన భవనమును తెరచెను. దానిని రూపొందించినవాడు గార్డన్ బన్‌షాఫ్ట్. వీధి వైపు గోడలన్నియు గాజే. లోకప్పు నిండ దీపకాంతి. సుమారు 30 టన్నుల ఉక్కు తలుపుగల ఖజానా నేలమాళిగలో దాగలేదు. బాటసారులకు కొలది అడుగుల దూరమున, అద్దము వెనుకనే, కనబడుచుండెను. చీకటిలో దాచిన సొమ్ముకన్న పదిమంది చూచుచోటనున్న సొమ్మే భద్రమన్నమాట!

తరువాత బ్యాంకు ఆ చోటు విడిచిపోయినది. అయినను నగరపాలకులు ఆ భవనపు వెలుపలి రూపమును 1997లోను, లోపలి భాగమును 2011లోను రక్షిత కట్టడముగా ప్రకటించిరి.

మనము మాత్రము ఒక్క సంగతి మరువరాదు. అద్దములోనుండి ఖజానా తలుపు కనబడును గాని లెక్కల పుస్తకము కనబడదు. గోడ రాతిదైనను గాజుదైనను, మన సొమ్మును కాపాడునది ఆ పుస్తకమునందలి నిజాయితీయే.