ఓడలో వచ్చిన ఆట, తరువాత వచ్చిన నాట్యం

మన మందిరంలో ప్రతి సంవత్సరం డిసెంబరు నెలలో, పాఠశాలలకు సెలవులు ఇచ్చిన తరువాత, 13 నుండి 18 ఏండ్ల వయస్సు గల పిల్లలకు ఆరు వారాల కూచిపూడి శిక్షణ జరుగుతున్నది. ఆంధ్రదేశంలో వేసవి అంటే వైశాఖ జ్యేష్ఠ మాసాలు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న మన మారిషస్ ద్వీపంలో వేసవి కార్తీకంలో మొదలై సంక్రాంతిని దాటి సాగుతుంది. అందువలన మన పిల్లలు ధనుర్మాసపు ఎండలో గజ్జెలు కట్టి, సంక్రాంతి నాటికి వేదిక ఎక్కుతారు. సాయంకాలపు తెలుగు తరగతి నడిపే మేము ఆ ఆరు వారాలూ వారికి పాటల అర్థం చెప్పి, ఉచ్చారణ దిద్దుతాము.

గత సంవత్సరం శిక్షణ మొదటి రోజున ఒక బాలిక మమ్ములను అడిగినది: "గురువుగారూ, మన పూర్వులు ఓడలో తెచ్చుకొన్న నాట్యం ఇదేనా?" చుట్టూ తల్లిదండ్రులు ఉన్నారు. మేము ఆలోచించకుండానే "అవునమ్మా, ఇదే" అన్నాము. అందరూ సంతోషించారు. కాని ఆ సమాధానం ఆ రాత్రి మమ్ములను నిద్రపోనీయలేదు. ముప్పై ఏండ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పిన వారము, చరిత్రను అంత సులువుగా తప్పు చెప్పవచ్చునా? ఆ బాలికకు ఇవ్వవలసి ఉండిన సరియైన సమాధానమే ఈ వ్యాసం.

ఓడ దిగిన మన పూర్వులు

మారిషస్‌లో బానిసత్వం 1835లో రద్దయినది. చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసివచ్చారు. అంతకు కొద్ది నెలల ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడలో 36 మంది భారతీయ కూలీలు పోర్ట్ లూయిస్ రేవులో దిగారు. ఆ తరువాత ఎనిమిది దశాబ్దాలకు పైగా సాగిన ఒప్పందపు వలసలో దాదాపు 5 లక్షల మంది వచ్చారు. కూలీలు ఎక్కి వచ్చిన 16 రాతిమెట్లు నేటికీ ఆప్రవాసీ ఘాట్‌లో ఉన్నవి. 2006లో యునెస్కో ఆ స్థలాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినది.

ఆ వచ్చినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. కాకినాడ సమీపంలోని కోరంగి రేవు పేరు మీదనే ఈ ద్వీపంలో తెలుగువారిని చాలాకాలం కోరంగీలు అని పిలిచారు. 1839 నాటి తుఫాను కోరంగిని ధ్వంసం చేసినది. ఆ రేవు పేరు మాత్రం సముద్రానికి ఇవతల మనుష్యుల పేరుగా మిగిలినది. మన ఇండ్లలో సింహాద్రి అప్పన్నను కొలుస్తాము. అమ్మోరు పండుగ చేస్తాము. అప్పన్న కొండ అయిన సింహాచలం విశాఖపట్నం పక్కనే ఉన్నది. మనవారిలో అనేకులు ఉత్తరకోస్తా పల్లెల నుండి వచ్చారనడానికి ఈ ఆరాధనలే సాక్ష్యం.

నాటి వలస దస్తావేజులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నవి. కూలీ సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, కులం, ఊరు, శరీరం మీది గుర్తులు వాటిలో వ్రాశారు. మనిషి పారిపోతే పట్టుకొనడానికి ఏమి కావాలో అది వ్రాశారు. ఇతనికి ఏ పాట వచ్చును, ఏ ఆట వచ్చును అని ఏ గుమాస్తా అడగలేదు; దానికి ఆ పుస్తకంలో గడి లేదు. కనుక మన పూర్వుల ఆటపాటలను తెలుసుకొనడానికి మిగిలినవి రెండే ఆధారాలు: ఆంధ్రదేశంలో ఆనాడు ఎవరు ఏమి ఆడేవారో చెప్పే చరిత్ర ఒకటి, ఇక్కడ మన పెద్దల కాళ్లలో మిగిలిన అడుగులు రెండవది.

కూచిపూడి అప్పుడు ఎవరి చేతిలో ఉన్నది?

కూచిపూడి కృష్ణాజిల్లాలోని ఒక చిన్న గ్రామం. సిద్ధేంద్రయోగి భామాకలాపాన్ని రచించి ఆ గ్రామపు బ్రాహ్మణ బాలురకు నేర్పాడని, గోల్కొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా వారి ప్రదర్శనకు మెచ్చి గ్రామాన్ని అగ్రహారంగా ఇచ్చాడని ప్రతీతి. తానీషా పాలన 1672లో మొదలైనది. తరువాత రెండు శతాబ్దాలకు పైగా ఆ కళ ఆ గ్రామపు కొన్ని కుటుంబాల మగవారి చేతిలోనే ఉన్నది. ఆడవేషం కూడా మగవారే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణశర్మగారు సత్యభామ వేషంలో పొందిన కీర్తి మన తరం వారికి కూడా తెలిసినదే.

మన ఓడలు నడిచిన కాలమంతా స్థితి ఇదే. చెరకు తోటకు కూలికి వచ్చిన కుటుంబపు పిల్లవానికి ఆ నాట్యం నేర్చుకొనే దారి లేదు. ఆడపిల్లకు అసలే లేదు. 20వ శతాబ్దంలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రిగారు స్త్రీలకు కూడా కూచిపూడి నేర్పారు. ఆ గ్రామంలోనే పుట్టిన వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించారు. ఆ ఊరివారు కానివారికీ, ఆడపిల్లలకూ, పరదేశం నుండి వచ్చినవారికీ అక్కడ విద్య లభించినది. శ్రీకృష్ణపారిజాతం, క్షీరసాగరమథనం వంటి నృత్యనాటకాలు ఆయన కూర్పులే. నేడు లోకమంతటా ఆడపిల్లలు ఆడుతున్న కూచిపూడి ఈ మార్పుల ఫలితం. అప్పటికి కూలీల ఓడలు ఆగిపోయి నలభై ఏండ్లు దాటినది.

మన ద్వీపానికి ఈ నాట్యం విమానంలో వచ్చినది. భారతదేశం నుండి వచ్చిన గురువులు కొంత తెచ్చారు. విద్యార్థివేతనాల మీద అక్కడికి వెళ్లి నేర్చుకొని వచ్చిన మన యువతీయువకులు కొంత తెచ్చారు. 1970లో భారత, మారిషస్ ప్రభుత్వాల ఉమ్మడి కృషితో ఏర్పడిన మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భరతనాట్యం, కథక్‌లతో పాటు కూచిపూడి కూడా నేర్పుతున్నారు. ముత్తాతల దస్తావేజులు ఉన్న సంస్థలోనే, ముత్తాతలకు అందని నాట్యాన్ని మనుమరాండ్రు నేర్చుకొంటున్నారు. ఇది తక్కువ విషయం కాదు.

దీపం చుట్టూ తిరిగిన అడుగులు

మరి ఓడలో వచ్చినది ఏది? రామభజనం. దీపం వెలిగించి నడుమ నిలుపుతారు. తాళాలు పట్టుకొని చుట్టూ వలయంగా నిలుస్తారు. ఒకరు పాట ఎత్తుకొంటే మిగిలినవారు అందుకొంటారు. అడుగు మొదట నెమ్మదిగా పడుతుంది. పొద్దు గడిచినకొద్దీ లయ హెచ్చుతుంది. రాత్రి అంతా తిరిగి తెల్లవారుజామున హారతి ఇస్తారు. ఆంధ్రదేశపు పల్లెలలోని చెక్కభజనకు, పండరిభజనకు ఇది దగ్గరి చుట్టం. దీనికి వేదిక అక్కరలేదు, నగలు అక్కరలేదు. మట్టినేల, దీపం, తాళాలు చాలును. కూలీల కాంపులో అంతకు మించి ఉండేది కూడా కాదు.

ఆనాటి తోటలలో ఒక క్రూరమైన నియమం ఉండేది. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. అందుకే భజన శనివారం రాత్రి పెట్టుకొనేవారని మా నాయనమ్మ చెప్పేది. వారమంతా చెరకు నరికిన చేతులు ఆ రాత్రి తాళాలు పట్టేవి. పుస్తకం లేదు, జీతం తీసుకొనే గురువు లేడు. అక్షరం రానివారు పాటలను కంఠస్థం చేసి పిల్లలకు అప్పగించారు. మా బాల్యంలో ఆ వలయంలో తిరిగినవారిలో పలువురికి తాము పాడే మాటలన్నింటికీ అర్థం తెలియదు. ఇంట్లో క్రియోల్ మాట్లాడే నాలుక మీద కొన్ని మాటలు అరిగిపోయినవి. అయినను రాగం తప్పలేదు, అడుగు తప్పలేదు.

ఇక్కడ మా తప్పు చెప్పుకోవాలి. మేము తెలుగు చదవడం నేర్చుకొన్న తరువాత ఆ అరిగిన మాటలను విని లోలోపల నవ్వుకొన్నాము. మందిరంలో కూచిపూడి వచ్చిన పిమ్మట వార్షికోత్సవంలో భజనను చివరకు జరిపాము. కొన్ని సంవత్సరాలకు సమయం చాలదని తీసివేశాము. ఆ కార్యక్రమ పట్టిక వ్రాసినది మేమే. పెద్దలు ఒక్క మాట అనలేదు. తాళాలను బట్టలో చుట్టి అటక మీద పెట్టుకొన్నారు. వారిలో కొందరు ఇప్పుడు లేరు. వారితో పాటు వారికి మాత్రమే వచ్చిన పాటలు కూడా పోయినవి.

రెండింటికీ నడుమ సత్యభామ

ఇది చదివి, కూచిపూడి మనది కాదని పిల్లలు అనుకోరాదు. ఉత్తరాంధ్రలో తూర్పు భాగవతం అనే వీధినాటకం ఉన్నది. దానిలోనూ ముఖ్యమైన కథ సత్యభామదే. అక్కడ ఆడేవారు కూచిపూడి అగ్రహారపు వారు కారు. మద్దెల మోతతో ఊరి నడివీధిలో రాత్రంతా ఆడిన కళాకారులు. సత్యభామ అలక, ఆమె గర్వం, ఆమె విరహం అగ్రహారానికి ఎంత తెలుసునో, తూర్పుతీరపు పల్లెకూ అంతే తెలుసును. నేడు మన పిల్ల జడను ముందుకు వేసుకొని భామ ప్రవేశదరువు ఆడుతున్నపుడు, కొత్తగా నేర్చిన నాట్యంలో పాత కథనే చెబుతున్నది.

మరొక మేలు కూడా ఉన్నది. కూచిపూడి నాటకంలో పాత్రధారి నోరు విప్పి మాట్లాడాలి. దానిని వాచికం అంటారు. తెలుగును పరీక్ష కొరకు మాత్రమే చదివే పిల్లలు, సత్యభామగా కోపగించుకొనడానికి తెలుగు మాటను సరిగా పలకవలసివస్తుంది. తరగతిలో మేము సంవత్సరమంతా దిద్దినా రాని 'ళ'కారం ఆ ఆరు వారాలలో వచ్చిన పిల్లలు ఉన్నారు.

సరియైన సమాధానం

కొన్ని రోజుల తరువాత ఆ బాలికను పిలిచి, "అమ్మా, ఆనాడు నీకు తప్పు చెప్పాము" అని ఇదంతా వివరించాము. ఆమె కొంతసేపు ఆలోచించి, "అయితే మా నాయనమ్మకు వచ్చినదే ఓడలో వచ్చినదా?" అని అడిగినది. అవునన్నాము. "ఆమెను ఎవరూ నేర్పమని అడగలేదు" అన్నది. ఆ మాటకు మా వద్ద సమాధానం లేదు.

తరువాతి శనివారం ఆ నాయనమ్మగారు మందిరానికి వచ్చారు. మోకాళ్ల నొప్పి వలన కుర్చీలో కూర్చుండి పాట ఎత్తుకొన్నారు. పిల్లలు దీపం చుట్టూ తిరిగారు. కూచిపూడి అడుగుకు అలవాటు పడిన కాళ్లు మొదట తడబడినవి. ఆమె తాళం ఆపి, "బాబూ, కిందికి చూడకండి, దీపాన్ని చూడండి" అన్నారు. అరగంటకు వలయం కుదిరినది.

ఈ సంవత్సరం శిక్షణలో ప్రతి శనివారం సాయంకాలం రామభజనానికి కేటాయించాము. సంక్రాంతి ప్రదర్శన భజనతో మొదలవుతుంది, తరువాతనే కూచిపూడి. పాటలు వచ్చిన పెద్దలను మందిరానికి తీసుకొని రావలసినదిగా తల్లిదండ్రులను కోరుతున్నాము. రాలేనివారి ఇంటికి మేమే వస్తాము. వారు పాడినది పాడినట్లు వ్రాసుకొంటాము. మాట అరిగి ఉంటే అరిగినట్లే వ్రాస్తాము; దాని పక్కన అర్థం వ్రాస్తాము. ఈసారి నవ్వము.